నాగోలు నుండి నర్సంపేట వఱకు

శాసనసభ ఎన్నికలు ముగిసిన మఱునాడు పెద్ద పక్షముల జయాపజయములతో పత్రికల పుటలు నిండిపోవును. పట్టికల చివరను సన్నని అక్షరములలో నుండు పక్షముల జోలికి పోవువారు అరుదు. వేయి వోట్లు, రెండు వేల వోట్లు, ఆపైని “ధరావతు కోల్పోయిరి” అను మాట; అంతటితో సరి. నేడు ఆ చివరి వరుసలను గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలంచితిమి. ఏలయన, అందు కానవచ్చు కమ్యూనిస్టు పక్షములు ఒకనాడు ఈ తెలంగాణమున కాంగ్రెసునకు ప్రధాన ప్రతిస్పర్ధులు.

నాగోలు వాసులకు ఈ కథ దూరపుది కాదు. మూసీ యొడ్డున పల్లెగా నుండిన ఈ చోటు ఇప్పుడు మహానగరమున నొక భాగము. 2017 నవంబరులో మెట్రోరైలు నడచుట మొదలిడిన పిమ్మట నగరమునకు తూర్పు ముఖద్వారము వంటిదైనది. ఇచ్చటి నుండి ఉప్పలు చౌరస్తాకు పోయి వరంగల్లు బస్సెక్కినవానికి ఘట్కేసరు, బీబీనగరు, భువనగిరి, ఆలేరు, జనగామ వరుసగా ఎదురగును. ప్రయాణికునకు అవి బస్సు నిలుచు తావులు మాత్రమే. ఎన్నికల చరిత్ర నెఱిగినవానికి అది కమ్యూనిస్టు వోటు పుట్టి, పెరిగి, సన్నగిల్లిన దారి.

భువనగిరి చేరువనున్న బొల్లేపల్లిలో భూవసతిగల కుటుంబమున జన్మించిన రావి నారాయణరెడ్డి గారు 1941లో చిలుకూరి ఆంధ్రమహాసభకును, 1944లో భువనగిరి మహాసభకును అధ్యక్షులు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటము విరమింపబడినది. కొలది నెలలకే వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికలలో, హైదరాబాదు రాజ్యమున కమ్యూనిస్టు పక్షము నిషిద్ధమగుటచే, వారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేర నిలిచిరి. నల్లగొండ లోకసభ స్థానమున నారాయణరెడ్డి గారికి మూడు లక్షలకు పైగా వోట్లు లభించెను. జవాహర్‌లాల్ నెహ్రూ గారికి వచ్చినవి అంతకంటె తక్కువ! శాసనసభలోని 175 స్థానములలో కాంగ్రెసునకు 93, ఫ్రంటునకు 42 దక్కినవి. ఆలేరు ప్రజలు ఆరుట్ల కమలాదేవి గారిని 1952, 1957, 1962లలో మూడు పర్యాయములు సభకు పంపిరి.

భూవసతిగల మన పాఠకులలో కొందఱు ఈ క్షీణతను జూచి లోలోన సంతసింపవచ్చును. ఆ పోరాటమున జరిగిన హింసను మేము సమర్థింపము. కాని ఆ వేడిలోనే 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చినది. నగర పరిసరములలో ప్లాటు కొనువాడు నేటికిని “రక్షిత కౌలుదారు” అను మాట దస్తావేజులలో వెదకి, వకీలు నడిగి గాని బయానా ఇయ్యడు. ఆ మాట కాగితము నెక్కుటకు వెనుక నెందఱి శ్రమ యున్నదో గుర్తుంచుకొనుట న్యాయము.

జనగామ దాటి, వరంగల్లు మీదుగా పోయిన నర్సంపేట. మద్దికాయల ఓంకారు గారి సీమ. సాయుధ పోరాటమున పాల్గొన్న ఈయన 1972, 1978, 1983లలో మార్క్సిస్టు పక్షము తరఫున గెలిచిరి. పిదప ఆ పక్షముతో భేదించి వెలుపలికి వచ్చిరి. సామాన్యముగా అట్టివాని రాజకీయ జీవితము అంతటితో ముగియును. ఓంకారు గారు 1985లోను, 1989లోను మరల గెలిచిరి! సుత్తి కొడవలి గుర్తు లేకయే ఐదవ విజయము. ఆయన నడపిన ఎం.సి.పి.ఐ. అను చిన్న పక్షమునకు నిజమైన బలము ఆయన తిరిగిన పల్లెలే. అయితే ఇందు ఒక చిక్కు గలదు. 1994లో ఆయన ఓడిరి, 2008లో కాలధర్మము నొందిరి. పక్షము ఇతర రాష్ట్రముల సమానాభిప్రాయులతో గూడి ‘యునైటెడ్’ అను మాటను పేరునకు చేర్చుకొనినను నర్సంపేట తిరిగి చేతికి రాలేదు. మనిషిని నమ్మిన వోటు మనిషితోనే పోయినది.

ఇక మనిషికి బదులు పొత్తును నమ్మినవారి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1994లో తెలుగుదేశముతో గూడి ఉభయ కమ్యూనిస్టులు 34 స్థానములు గెలిచిరి. 1999లో ఆ పొత్తు లేదు, దక్కినవి రెండు. 2004లో కాంగ్రెసుతో గూడి 15. ఈ అంకెలలో ఎరువు సొమ్మెంత, సొంత మూలధన మెంత యని ఏ షావుకారైనను చిటికెలో చెప్పగలడు. 2018లో మార్క్సిస్టులు చిన్న పక్షములతో బహుజన లెఫ్ట్ ఫ్రంట్ నిర్మించి పోటీచేయగా ఒక్క స్థానమును రాలేదు. 2022లో మునుగోడు ఉపఎన్నికలో ఉభయులును అధికార పక్షమునకు అండగా నిలిచి గెలిపించిరి. మఱుసటి యేడు ఆ పక్షము వారికి ఒక్క స్థానమైనను విడువక తన అభ్యర్థులను ప్రకటించుకొనెను. అప్పుడు సి.పి.ఐ. కాంగ్రెసుతో గూడి కొత్తగూడెమును గెలిచినది. మార్క్సిస్టులు ఒంటరిగా 19 స్థానములకు పోటీచేసి వట్టిచేతులతో మిగిలిరి.

చట్టమును చిన్నవానిపై కొంత కఠినముగనే యున్నది. చెల్లిన వోట్లలో ఆఱవ వంతు మించనిచో ధరావతు సర్కారుపాలు. సాధారణ స్థానమున అది పదివేల రూపాయలు. పెద్ద అభ్యర్థికి ఒక పూట ఖర్చు గాదు, చందాలెత్తి నిలిచినవానికి సంవత్సరపు కూడిక. గుర్తింపు లేని పక్షమునకు స్థిరమైన ఎన్నికల గుర్తుండదు. ఎన్నిక ఎన్నికకు మాఱవచ్చును. ఆ కొత్త బొమ్మను ఓటరునకు పరిచయము చేయుటకే ఉన్న పదునాలుగు దినములు చెల్లిపోవును. అయినను 1985 నర్సంపేట ఓటరు ఆ బొమ్మను వెదకి పట్టినాడు గదా! తప్పంతయు చట్టముపై నెట్టుట పొసగదు. ఎన్నికకు ఎన్నికకు నడుమ ఐదేండ్లున్నవి. ఆ ఐదేండ్లును గడప త్రొక్కనివాడు కడపటి పక్షమున త్రొక్కిన నేమి?

నాగోలులో నేడు పని లేకపోలేదు. మూసీ మురుగు యొడ్డునే యున్నది. జనగామ, ఆలేరు ప్రాంతముల నుండి వచ్చి ఇచ్చట ఇండ్లు కట్టుకొనినవారు గలరు. వారి తాతలలో సంఘము చీటీ పట్టినవా రుండవచ్చును, మనుమలకు ఇంటి వాయిదాల చింత. ప్రక్కనే నాచారము, మల్లాపురము, ఉప్పలు పారిశ్రామికవాడలు. అందు కంట్రాక్టు కూలికి యంత్రముల ముందు నిలుచువారిలో ఒడిస్సా, బీహారు నుండి వచ్చినవారు పెక్కురు. కమ్యూనిస్టు కార్యకర్త మొదట తట్టవలసిన తలుపులు వారివే. కాని వారిలో పలువురి పేర్లు ఇచ్చటి ఓటర్ల జాబితాలో లేవు. అవి స్వగ్రామపు జాబితాలలోనే యున్నవి.