న్యాయవిద్య ప్రవేశ పరీక్ష: చూర్ణం కంటె ముందు నిద్ర

"మా అమ్మాయి క్లాట్ పరీక్షకు చదువుతున్నది. జ్ఞాపకశక్తికి ఏదైనా చూర్ణం ఇవ్వండి" అని తల్లిదండ్రులు నన్ను తరచు అడుగుతుంటారు. రాత్రి ఎన్ని గంటలు నిద్రిస్తున్నదని నేను మొదట అడుగుతాను. నాలుగైదు గంటలని చెప్పి, అది గొప్పగా భావించేవారే ఎక్కువ.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో ప్రవేశానికి 2008లో ఆరంభమైన ఈ పరీక్ష తీరు 2020లో మారింది. ఇప్పుడు గద్యభాగాన్ని ఇచ్చి దానిపై ప్రశ్నలు అడుగుతారు. న్యాయసూత్రం కూడ అందులోనే ఉంటుంది. దానిని సన్నివేశానికి అన్వయించాలి. 120 నిమిషాలలో 120 ప్రశ్నలు. ప్రతి తప్పు సమాధానానికి పావు మార్కు పోతుంది.

ఆయుర్వేదం ధీ, ధృతి, స్మృతి అని మూడు శక్తులను చెబుతుంది. వర్తమాన విషయాలకు స్మృతి చాలును. గద్యభాగంలోని వాదాన్ని గ్రహించడానికి ధీ కావాలి. తెలియని ప్రశ్నను వదలి ముందుకు సాగడానికి ధృతి కావాలి. రాత్రి జాగరణ ఈ మూడింటినీ దెబ్బతీస్తుంది. నిద్రను ఆపుకొన్నవారికి ఆవులింతలు, ఒళ్ళునొప్పులు, మగత, కనురెప్పల బరువు కలుగుతాయని చరకుడు చెప్పాడు. పగలు చదివినది నిద్రలోనే స్థిరపడుతుందని ఆధునిక విజ్ఞానమూ అంగీకరిస్తున్నది.

శాస్త్రజ్ఞానానికి అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష అనే మూడు ఉపాయాలను చరకసంహిత పేర్కొన్నది. మా గురుకులంలో ఉదయం నేర్చిన పాఠాన్ని సాయంకాలం గ్రంథం మూసి చెప్పవలసి వచ్చేది. మీ బిడ్డ కూడ గద్యభాగం చదివి, పుస్తకం మూసి, దాని సారాన్ని రెండు వాక్యాలలో చెప్పాలి; ఇది అధ్యయనం. ఇంట్లో ఒకరికి వివరించాలి, ఇది అధ్యాపనం. తప్పిన ప్రశ్నలను తోటి విద్యార్థితో చర్చించాలి, ఇదే సంభాష.

ఇంట్లో పాటించవలసినవి:

• రాత్రి తేలికైన భోజనం. పడుకొనే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, పాలు సరిపడేవారికి ఒక గ్లాసు వెచ్చని పాలు. ఏడెనిమిది గంటల నిద్ర.

• ఇటీవల ఈ పరీక్ష మధ్యాహ్నం 2 నుండి 4 గంటల వరకు జరుగుతున్నది. భుక్తాయాసంతో కునుకు వచ్చే వేళ అది. కనుక నమూనా పరీక్షలు ఆ సమయానికే వ్రాయాలి. ఆనాడు మితంగా భుజించాలి.

• మండూకపర్ణి, యష్టిమధుకం, తిప్పతీగ, శంఖపుష్పి మేధ్య రసాయనాలే. అయితే వైద్యుని సలహా లేనిదే వాడరాదు. ఏ రసాయనమూ నిద్రకు బదులు కాజాలదు.

ఈ రాత్రి పదిగంటలకు దీపం ఆర్పండి. చికిత్స అక్కడే ఆరంభమవుతుంది.