పేరు, పాస్‌వర్డ్, ఒక టపా

వెబ్‌సైట్‌లో కొత్త వ్యాసం కనిపిస్తే, ఎవరో లాగిన్ అయ్యి, పెట్టెలో రాసి, ‘ప్రచురించు’ మీట నొక్కి ఉంటారని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ఎక్కడో నడుస్తున్న ఒక ప్రోగ్రాం ఆ సైట్‌కి సందేశం పంపుతుంది: శీర్షిక ఇది, పాఠ్యం ఇది, ఫలానా వర్గంలో పెట్టు. సైట్ దాన్ని విప్పి చదివి, డేటాబేసులో ఒక వరుస చేర్చి, కొత్త టపాకు దక్కిన సంఖ్యను తిరిగి చెబుతుంది. మధ్యలో బ్రౌజర్ లేదు, మౌస్ లేదు. దీనికి దారి ఇచ్చేదే ఏపీఐ. పాతికేళ్లు దాటిన దీని కథలో రాతను పంపడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. పంపినవాళ్లకు అక్కడ రాసే హక్కు ఉందా అని తేల్చడమే ప్రతి తరాన్నీ తిప్పలు పెట్టింది.

అమెరికాలో యూజర్‌లాండ్ సాఫ్ట్‌వేర్ నడిపిన డేవ్ వైనర్, మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు కొందరితో కలిసి 1998లో ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే పద్ధతిని తయారుచేశాడు. చేయించుకోవాల్సిన పని పేరు, దానికి కావలసిన విలువలు ట్యాగుల మధ్య రాసి వెబ్ మీదుగా పంపితే, అవతలి కంప్యూటర్ ఆ పని చేసి అదే రూపంలో జవాబిస్తుంది. నిర్దేశ పత్రం కాసేపట్లో చదివేయగలిగినంత చిన్నది. అది అంత త్వరగా వ్యాపించడానికి ఆ చిన్నతనమే కారణమని నా నమ్మకం.

ఆ పత్రంలో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. ‘స్ట్రింగ్’ అంటే ఆస్కీ అక్షరాల వరస అని అందులో రాసి ఉండేది. ఆస్కీలో ఉన్నవి 128 సంకేతాలే; తెలుగుకు చోటు లేదు. ఎక్స్‌ఎంఎల్ స్వయంగా యూనికోడ్‌ను ఒప్పుకుంటున్నా, అక్షరార్థంగా పత్రాన్ని పాటించే ప్రోగ్రాం మన టపాను తిరగ్గొట్టవచ్చు. 2003 జూన్ 30న ‘ఆస్కీ’ అన్న ఆ ఒక్క మాటనూ కొట్టేశారు.

బ్లాగర్ సేవను నడుపుతున్న పైరా ల్యాబ్స్ 2001లో తన ఏపీఐని బయటపెట్టింది. కొత్త టపా పంపాలంటే ఆరు విలువలు కావాలి: ప్రోగ్రాం తాళంచెవి, బ్లాగు సంఖ్య, వాడుకరి పేరు, పాస్‌వర్డ్, పాఠ్యం, చివరిగా ‘ప్రచురించాలా వద్దా’ అనే అవును-కాదు. శీర్షికకు చోటే లేదు! 2002 మార్చిలో వైనర్ మెటావెబ్‌లాగ్ ఏపీఐతో ఆ లోటు తీర్చాడు. శీర్షిక, లంకె, వివరణ అనే అరలను, కొత్త టపాలను ప్రోగ్రాంలకు అందించే ఆరెస్సెస్ ఫీడు నుంచే తెచ్చుకున్నాడు. ఫీడు చదివే ప్రోగ్రాంకీ టపా పంపే ప్రోగ్రాంకీ ఒకే రూపం సరిపోయింది. చక్కటి ఆలోచన.

2003లో పుట్టిన బ్లాగు సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఈ పద్ధతులను అందిపుచ్చుకుంది. తర్వాత విండోస్ లైవ్ రైటర్, వర్డ్ 2007 వంటివి నేరుగా బ్లాగుల్లోకి టపాలు పంపసాగాయి. తెలుగు బ్లాగరులు లేఖిని అనే టైపింగ్ పరికరంలో టైపు చేసి, కాపీ చేసి, బ్లాగు పెట్టెలో అతికించుకుంటున్న కాలమది. ఏపీఐ తప్పించాలని చూసింది సరిగ్గా ఆ చాకిరీనే.

అయితే ప్రతి సందేశంలోనూ అసలు పాస్‌వర్డే ప్రయాణించేది. వాడిన ప్రతి పరికరానికీ దాన్ని అప్పజెప్పాల్సి రావడం, పనివాళ్లందరికీ ఇంటి తాళంచెవి నకళ్లు పంచిపెట్టడం లాంటిది. ఎవరి దగ్గరి నకలు దొంగల పాలైందో తెలియదు. ఒకరిని ఆపాలంటే తాళమే మార్చాలి. ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీలో మరో సౌకర్యం ఉండేది: ఒకే సందేశంలో అనేక పనులు కట్టగట్టి పంపడం. 2015లో దాడిచేసేవాళ్లు దీన్ని పట్టుకున్నారు. వందల పాస్‌వర్డ్ ఊహలను ఒకే సందేశంలో పెట్టి పంపితే, లాగిన్ ప్రయత్నాలను లెక్కపెట్టే కాపలా ప్రోగ్రాంలకు అది ఒక్కటిగానే కనిపించేది. అంతకు ముందు 2014లో, లంకె ఇచ్చిన సంగతి తెలిపే పింగ్‌బ్యాక్‌ను వాడి, 1,62,000కు పైగా వర్డ్‌ప్రెస్ సైట్లను ఒకే సైట్ మీదికి ఉసిగొల్పారు. పాపం ఆ సైట్లన్నీ లంకె నిజంగా ఉందో లేదో చూడటానికే వెళ్లాయి.

మధ్యలో 2007లో ఆటమ్ పబ్లిషింగ్ ప్రోటోకాల్ అనే పద్ధతి అధికారిక ప్రమాణంగా వచ్చింది. సాంకేతికంగా ఎంత శుభ్రంగా ఉన్నా జనం దాన్ని పెద్దగా వాడలేదు.

2016 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 4.7తో రెస్ట్ ఏపీఐ పూర్తిగా లోపలికి వచ్చింది. ఇందులో ప్రతి టపాకూ ఒక చిరునామా. అక్కడికి జేసన్ అనే పాఠ్య రూపంలో సమాచారం పంపితే చాలు. రెండు నెలలు తిరగకముందే అందులో బయటపడిన లోపం గురించి వివరంగా చెప్పాలి. ఈ యంత్రం లోపలి పనితీరు అంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

టపాను సవరించమని కోరితే సర్వర్ రెండు దశల్లో నడిచేది. మొదట, ఈ సంఖ్య గల టపాను సవరించే హక్కు మీకుందా అని తనిఖీ. తర్వాత సవరణ. దాడిచేసేవాళ్లు టపా సంఖ్యను 1 అని కాక, 1 వెనక ఏబీసీ అని అక్షరాలు తగిలించి పంపారు. తనిఖీ దశ అలాంటి టపా కోసం వెతికింది. దొరకలేదు. దొరకని టపాకు అభ్యంతరం ఏముంటుందని వదిలేసింది. సవరణ దశ అదే విలువను పూర్ణాంకంగా మార్చింది; అక్షరాలు రాలిపోయి 1 మిగిలింది. ఆ టపా దొరికింది, దిద్దబడింది. పేరూ పాస్‌వర్డూ ఏమీ లేకుండానే! ఒకే విలువను రెండు చోట్ల రెండు రకాలుగా చదవడంలోనే ఉంది ప్రమాదమంతా. 2017 జనవరి 26న ఈ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ విడుదలైంది. సైట్లు అప్‌డేట్ అయ్యే వ్యవధి ఇవ్వడానికి లోపం వివరాలను ఫిబ్రవరి 1 దాకా దాచి ఉంచారు. అప్పటికీ అప్‌డేట్ చేసుకోని సైట్లలో 15 లక్షలకు పైగా పేజీలు చెడిపోయాయి.

అసలు పాస్‌వర్డ్‌ను పంచిపెట్టే తిప్పలు తప్పిస్తూ, 2020 డిసెంబరులో వర్డ్‌ప్రెస్‌లోకి అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు వచ్చాయి. ఒక్కో పరికరానికి 24 అక్షరాల ప్రత్యేక పాస్‌వర్డ్, ఒక్కసారే చూపిస్తుంది, అనుమానం వస్తే దాన్నొక్కదాన్నే రద్దు చేయొచ్చు. మొదటి రోజునే ఉండాల్సిన ఏర్పాటిది. దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

తెలుగులో టపాలు పంపేవాళ్లకు మరో చిక్కు ఉంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది, అంటే గుర్తుకు 9. శీర్షిక నుంచి తయారయ్యే చిరునామా భాగానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 అక్షరాలు. 22 గుర్తులు దాటితే మిగతాది తెగిపోతుంది. ‘క్ష’ ఒక్కటే మూడు గుర్తులు. కాబట్టి చిరునామా భాగాన్ని రోమన్ లిపిలో విడిగా పంపడం మంచిది.

అనుమతి ఉన్నంత మాత్రాన రాసినది నిజమైపోదు. అప్పట్లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో పాత్రికేయుడు, ప్రోగ్రామర్‌గా ఉన్న కెన్ ష్వెంకే తయారుచేసిన క్వేక్‌బాట్, అమెరికా భూగర్భ సర్వే హెచ్చరికల నుంచి వార్త అల్లుతుంది. 2014 మార్చి 17 ఉదయం భూమి కంపించినప్పుడు అది సిద్ధంచేసిన ప్రతిని ష్వెంకే చూసుకుని, మీట నొక్కాడు. వార్త నిమిషాల్లో బయటికొచ్చింది. 2017 జూన్‌లో, 1925 నాటి శాంటా బార్బరా భూకంపం వివరాలను సవరిస్తుండగా పొరపాటున 2025 తేదీతో ఒక హెచ్చరిక వెలువడింది. క్వేక్‌బాట్ దాన్ని నమ్మి, 6.8 తీవ్రతతో భూకంపం వచ్చిందని వార్త ఇచ్చింది. హెచ్చరిక వచ్చింది సరైన చోటు నుంచే, వార్త పంపింది హక్కున్న ప్రోగ్రామే.

ఇప్పుడు వ్యాసాలు రాసే ప్రోగ్రాంలే వాటిని పంపుతున్నాయి కనుక ఈ సంగతి మరింత పట్టించుకోవాలి. వర్డ్‌ప్రెస్ రెస్ట్ ఏపీఐలో టపా స్థితి చెప్పకుండా పంపితే అది చిత్తుప్రతిగానే ఉంటుంది. అంతకన్నా గట్టి ఏర్పాటు కావాలంటే, ప్రోగ్రాంకు ‘కంట్రిబ్యూటర్’ హోదా ఖాతా ఒకటి తెరిచి, దానికే అప్లికేషన్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. అది చిత్తుప్రతి పంపగలదు, సమీక్ష కోసం పెండింగ్‌లో ఉంచగలదు. ప్రచురించమని అడిగితే మాత్రం సర్వర్ కుదరదంటుంది.