దీమము

కోనసీమ యనగానే కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు మన కన్నులకు కట్టును. కాని ధవళేశ్వరము ఆనకట్ట పరిసరములందు, గోదావరి నడుమ, గడ్డి దట్టముగా పెరిగిన లంకలు కూడ కలవు. ఆ లంకలలో కృష్ణజింకలు మందలుగా మేయుచుండును. మనుష్యుని అలికిడి యైనంతనే అవి చెంగున ఎగిరి కనుమరుగగును.

చెట్టుచాటైనను పుట్టచాటైనను లేని బయలునందు ఇట్టి మృగమును సమీపించుట యెట్లు? దాని చూపు మిక్కిలి నిశితము. దాని పరుగు గంటకు 80 కిలోమీటర్ల వరకు ఉండును. కావున పూర్వపు వేటకాండ్రు తాము జింక యొద్దకు పోవుట మాని, జింకయే తమ యొద్దకు వచ్చు ఉపాయమును కనుగొనిరి. ఇందులకై మచ్చిక చేసి పెంచిన మృగమునకు తెలుగున 'దీమము' అని పేరు. పక్షులను పట్టుటకు పెంచిన పక్షిని కూడ దీమమనియే యందురు.

కృష్ణజింకలలో పోతు కొంత నేలను తనదిగా ఏర్పరచుకొనును. కంటి కడనున్న గ్రంథినుండి స్రవించు ద్రవమును గడ్డిపరకలకు పూసి, ఒకేచోట పెంటికలు వేసి, ఎల్లలను గుర్తించును. ఆ ఎల్లలలోనికి మరియొక పోతు వచ్చినచో సహింపక, మెలికలు తిరిగిన కొమ్ములు వంచి పైబడును. ఈ స్వభావమే వేటకానికి ఆధారమయ్యెను. అతడు దీమపు జింకకు వల తగిలించి మంద వైపు విడుచును. అడవిపోతు దానితో పోరునకు దిగును. పెనుగులాటలో దాని కొమ్ములో, కాళ్లో వలలో చిక్కుకొనును. అంతట పొంచియున్న వేటకాండ్రు పరుగున వచ్చి పట్టుకొందురు. అక్బరు కాలమునాటి ఈ వేటను అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో వర్ణించెను. వల తెగినచో దీమము తన యజమాని కడకు తిరిగివచ్చెడిదట!

ఉత్తర అమెరికా మైదానములందలి ప్రాంగ్‌హార్న్ అను మృగము చూపునకు మన జింకను పోలియుండును. క్రొత్తవస్తువు కనబడిన దగ్గరకు వచ్చి చూడవలెనను కుతూహలము దానికి మెండు. వేటకాడు నేలపై పరుండి టోపీనో, కాలినో పైకెత్తినచో అది చేరవచ్చునని 1805లో ఆ ప్రాంతమున పయనించిన లూయిస్ వ్రాసెను. నేటికిని అచ్చటి విలుకాండ్రు జోడుకట్టు కాలమున ప్రాంగ్‌హార్న్ బొమ్మను నిలిపి పోతును రప్పింతురు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణజింక వేటను నిషేధించినది. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడ. వేట నిలిచినను ఆపద తీరలేదు. గోదావరికి పెద్దవరద వచ్చినపుడు లంకలు మునుగును. జింకలు ఈదుకొనుచు గట్టు చేరవలసియుండును. అపుడు జనులు వేడుకకై మూగినను, తరిమినను, అవి బెదరి, గాయమేమియు లేకయే ప్రాణములు విడువవచ్చును.

బాలలారా! జింక స్వభావము నెరిగి మన పూర్వులు దానిని పట్టిరి. ఆ యెరుకయే నేడు దానిని కాపాడుటకు మనకు ఉపకరింపవలెను. వరదనాడు జింక గట్టుపై కనబడినచో దూరముగా నిలువుడు, కుక్కలను అదలింపుడు, అటవీశాఖవారికి కబురంపుడు.