నాంపల్లి నుంచి పోచంపల్లి దాకా: ఒక్కరోజు పల్లె యాత్ర

నగరంలో కారును, డ్రైవరును, చోటు తెలిసిన గైడును ఒక రోజుకు మాట్లాడుకుని, పొద్దున్నే బయల్దేరి నాలుగు ఊళ్లు తిరిగి, చీకటిపడే వేళకు బస చేరుకోవడమే ప్రైవేట్ డే టూర్. ప్యాకేజీ బస్సు యాత్రకూ దీనికీ అసలు తేడా సీటులోనో ఏసీలోనో లేదు. బస్సులో నలభై మందికి కలిపి ఒకటే గడియారం. మగ్గం ముందు అరగంట నిలబడాలనిపించినా, దారిలో సీతాఫలాల బుట్ట దగ్గర ఆగాలనిపించినా అక్కడ వీలుపడదు. సొంతంగా మాట్లాడుకున్న యాత్రలో ఆ వీలుంటుంది. దానికోసమే జనం ఎక్కువ డబ్బు పెడతారు.

హైదరాబాద్‌లో ఇలాంటి యాత్రలకు అబిడ్స్, నాంపల్లి సహజంగానే మొదలయ్యే చోట్లు. 1907లో కట్టిన నాంపల్లి రైల్వే స్టేషన్, దాని ఎదుట స్టేషన్ రోడ్డు పొడవునా లాడ్జీలు, కూతవేటు దూరంలో గాంధీభవన్, యూసుఫైన్ దర్గా, పబ్లిక్ గార్డెన్స్ ఉన్నాయి. కొంచెం ఇవతలికి వస్తే జనరల్ పోస్టాఫీసు, అబిడ్స్ సర్కిల్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఇక్కడ దుకాణం నడిపాడు. పేటకు ఆయన పేరే నిలిచిపోయింది. బయటి ఊళ్ల నుంచి పనిమీద వచ్చి, చేతిలో ఒక రోజు మిగిలినవాళ్లు ఈ చుట్టుపక్కలే దిగుతారు. చార్మినార్, గోల్కొండ చూసేశాక వాళ్ల మనసు ఊరి బయటికి మళ్లుతుంది.

కిరాయి సంగతి ముందే తేల్చుకోవాలి. నగరంలో తిరగడానికి ట్రావెల్స్ వాళ్లు సాధారణంగా చెప్పే లెక్క ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు. పల్లె యాత్రకు ఇది చాలదు. నాంపల్లి నుంచి పోచంపల్లి దాదాపు యాభై కిలోమీటర్లు. అక్కడి నుంచి ఆలేరు, కొలనుపాక, పెంబర్తి చూసి తిరిగొస్తే రానూపోనూ రమారమి 200 కిలోమీటర్లు అవుతుంది. అందుకే దీన్ని అవుట్‌స్టేషన్ కింద లెక్కగడతారు. అందులో రోజుకు ఇన్ని కిలోమీటర్లని ఒక కనీస హద్దు ఉంటుంది. అంతకన్నా తక్కువ తిరిగినా ఆ హద్దుకు డబ్బు కట్టాల్సిందే. దానిపైన డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ వేరు. కిలోమీటర్ల లెక్క యాత్రికుడు ఎక్కిన చోటు నుంచా, బండి షెడ్డు నుంచి కదిలిన చోటు నుంచా అన్నది చాలామంది అడగరు. సాయంత్రం బిల్లు దగ్గర మాటా మాటా పెరిగేది ఎక్కువగా ఇక్కడే. ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకుంటే ఇద్దరికీ మంచిది.

నంబర్ ప్లేటు కూడా చూడాలి. పసుపు ప్లేటు మీద నల్లక్షరాలుంటే అది కిరాయికి తిప్పడానికి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. దారిలో ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కులు వస్తాయి. నాలుగు వందలు తగ్గుతాయని తెల్ల ప్లేటు ఎక్కడం తెలివైన పని కాదు.

ఇక గైడు. యాత్ర బాగుండటం, బాగుండకపోవడం సగానికి పైగా ఈ మనిషి చేతిలోనే ఉంటుంది. కేంద్ర పర్యాటక శాఖ లైసెన్సు ఉన్న గైడ్లు ఉన్నారు. 2020 నుంచి ఆన్‌లైన్‌లో శిక్షణ ఇచ్చి టూరిస్ట్ ఫెసిలిటేటర్లుగా ధ్రువపత్రాలిచ్చే పద్ధతీ వచ్చింది. కార్డు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అయితే కార్డొక్కటే సరిపోదు. కోటల దగ్గర తేదీలు గడగడా చెప్పే గైడు నేతన్న ఇంట్లో నోరు పెగలక నిలబడిపోవచ్చు. పల్లెకు వెళ్లేటప్పుడు ఆ ఊళ్లో పదిమందిని పేరు పెట్టి పిలవగల మనిషి కావాలి. డ్రైవరే గైడు పని కూడా చేస్తానంటే తెలిసిన దారికి అది సరిపోవచ్చు. కానీ అతను బండి దగ్గర ఉండాలి, యాత్రికుడు గల్లీలో ఉండాలి. రెండు పనులూ ఒక్కరితో సాగవు.

ఊళ్ల ఎంపికలో అత్యాశ పనికిరాదు. భువనగిరి కోట, యాదగిరిగుట్ట, పోచంపల్లి, కొలనుపాక, వరంగల్ వేయిస్తంభాల గుడి, అన్నీ ఒక్కరోజులో చూపిస్తామనే పట్టికలు కనిపిస్తుంటాయి. అలా తిరిగినవాళ్లకు గుర్తుండేది రోడ్డే. ఒక పెద్ద ఊరు, ఒకటి రెండు చిన్న ఊళ్లు, అంతకు మించి వద్దు. ఆ లెక్కన చూస్తే హైదరాబాద్‌కు తూర్పున పోచంపల్లి, కొలనుపాక, పెంబర్తి దారికి సాటి వచ్చేది మరొకటి లేదు.

పొద్దున ఏడు లోపు నాంపల్లి వదిలితే మొజంజాహీ మార్కెట్, కోఠి, చాదర్‌ఘాట్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటడం తేలిక. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటాక నగరం పలచబడుతుంది. విజయవాడ హైవే మీద కొంత దూరం వెళ్లి ఎడమకు తిరిగితే గుట్టలు, చెరువులు, తాటిచెట్ల మధ్య దారి పోచంపల్లి చేరుతుంది. ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా మరో దారి ఉంది. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకుంటే చూసిందే మళ్లీ చూడనక్కర్లేదు.

పోచంపల్లి పేరుకు ముందు భూదాన్ అన్న మాట చేరడానికి కారణం 1951లో జరిగింది. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిశాక వినోబా భావే తెలంగాణ పల్లెల్లో కాలినడకన తిరుగుతూ ఏప్రిల్ 18న ఈ ఊరు వచ్చారు. సాయుధ పోరాటం ఇంకా సద్దుమణగని రోజులవి. ఊరి దళితులు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. ఈ ఊళ్లో ఇవ్వగలవాళ్లెవరైనా ఉన్నారా అని వినోబా సభలో అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా నడిచిన భూదానోద్యమానికి తొలి దానం అదే. వినోబా పేరిట మందిరం ఊళ్లో ఉంది. గైడు ఈ కథ చెప్పకుండా నేరుగా చీరల దుకాణానికి తీసుకుపోతే, కమీషన్ మీద ధ్యాస పడిందనుకోవచ్చు.

ఊరి పేరును ప్రపంచానికి చేర్చింది మాత్రం మగ్గమే. ప్రింటు చీరలో రంగు గుడ్డ మీదికి వస్తుంది. పోచంపల్లిలో నేతకు ముందే నూలులోకి వస్తుంది. పట్టుదారాన్ని అర్ధచంద్రాకారంగా మేకులు కొట్టిన చట్రం మీద, ఒక కేంద్రం నుంచి ఒక్కో మేకుకు, తిరిగి కేంద్రానికి చుడుతూ పోవాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తరతరాలుగా ఆ పని ఆడవాళ్లదే. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి శారాజీపేట యువకుడు చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి బాధ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆసు అయ్యాక నూలు మీద గీతలు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. అదే చిటికి కట్టడం. కట్టిన చిలపను, అంటే నూలు చుట్టను, రంగులో ముంచి తీసి ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ తతంగం. ఆఖరున కట్లన్నీ విప్పితే దారం మీద ముక్కలు ముక్కలుగా రంగులు కనిపిస్తాయి తప్ప, బొమ్మ ఏమిటో కొత్తవాళ్లకు తెలియదు. అది తెలిసేది మగ్గం మీదే. అడ్డదారం, అంటే పేక, పడ్డ ప్రతిసారీ నేతన్న ఒక్క క్షణం ఆగి, దారాన్ని వేలి కొసతో వెంట్రుక వాసి జరిపి, కింది వరసలోని రంగుతో కలిపి అప్పుడు పలక కొడతాడు. ఏనుగు తొండమో, చిలక ముక్కో, పువ్వు రేకో అలా వరస వరసకూ పైకి లేస్తుంది. ఇలా చిటికి కట్టిన నూలుతో నేసేదే ఇక్కత్. నిలువుదారమైన పడుగు, పేక రెండింటికీ చిటికి కడితే అది డబుల్ ఇక్కత్. ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి. అందులో పనిచేసేది ఒక మనిషి కాదు, ఇంటిల్లిపాదీ.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. పేరు పెరిగినకొద్దీ నకిలీ కూడా పెరిగింది. ఇక్కత్ డిజైన్‌ను ప్రింట్ చేసిన గుడ్డ బజారులో నాలుగో వంతు ధరకు దొరుకుతుంది. పోల్చుకోవడం కష్టమేమీ కాదు. అసలు ఇక్కత్‌లో బొమ్మ అంచులు కొద్దిగా చెదిరి ఈకల్లా ఉంటాయి, రంగు రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. ప్రింటులో అంచు గీత గీసినట్టు తీరుగా ఉంటుంది, వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. హ్యాండ్లూమ్ మార్క్, పట్టయితే సిల్క్ మార్క్ ఉన్నాయా అని కూడా చూసుకోవాలి.

మధ్యాహ్నానికి కొలనుపాక చేరవచ్చు. వరంగల్ హైవే మీద ఆలేరు నుంచి ఆరేడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. శాసనాల్లో కొల్లిపాకగా కనిపించే ఈ ఊరు కల్యాణి చాళుక్యుల కాలంలో పెద్ద పాలనా కేంద్రం. ఇక్కడి జైన ఆలయం శ్వేతాంబరులకు ముఖ్య తీర్థం. మాణిక్యదేవుడని పిలిచే ఆదినాథుడు మూలవిరాట్టు. ఒకే పచ్చరాతిలో మలిచిందని చెప్పే 130 సెంటీమీటర్ల మహావీరుడి విగ్రహం చూడటానికి దూరాల నుంచి వస్తారు. రాజస్థాన్, గుజరాత్ శిల్పులు గుడిని పునరుద్ధరించారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. బట్టల విషయంలో పట్టింపు ఉంటుంది. అదే ఊళ్లో సోమేశ్వరాలయం ఉంది. వీరశైవులు రేణుకాచార్యుడు అక్కడి లింగం నుంచే ఆవిర్భవించాడని నమ్ముతారు. ఆ ఆవరణలోనే ఊళ్లో దొరికిన శిల్పాలను భద్రపరిచిన పురావస్తు మ్యూజియం ఉంది. జైనం, శైవం పక్కపక్కనే పొరలు పొరలుగా కనిపించే ఇలాంటి ఊరు తెలంగాణలో అరుదు. అయినా చాలామంది జైన ఆలయం చూసి బండి ఎక్కేస్తారు. సోమేశ్వరాలయానికి ఒక గంట ఇవ్వడం న్యాయం.

పెంబర్తి జనగామకు కొంచెం ముందు హైవే పక్కనే ఉంటుంది. ఇత్తడి రేకును సుత్తి దెబ్బలతో సాగదీసి, వెనకనుంచి పొడిచి బొమ్మ తేల్చే విశ్వకర్మల పని ఇక్కడి ప్రత్యేకత. గుడి తలుపుల తొడుగులు, ధ్వజస్తంభాల రేకులు, జ్ఞాపికలు ఇక్కడినుంచి వెళ్తాయి. కాకతీయుల కాలం నుంచి ఉన్న విద్యగా చెబుతారు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగుదారిలో భువనగిరి ఏకశిలా గుట్ట ఎడమా కుడీ తేడా లేకుండా చాలా దూరం కనిపిస్తూనే ఉంటుంది. చాళుక్య విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన కోట అది. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చింది ఆ బండ మీదే. ఎక్కాలంటే దానికి వేరే రోజు కావాలి.

మిగతా దిక్కుల్లో మెదక్ చర్చి, వికారాబాద్ అనంతగిరి కొండలు ఒక్కరోజుకు హాయిగా సరిపోతాయి. నాగార్జునసాగర్ 150 కిలోమీటర్లు కాబట్టి తెల్లవారకముందే కదలాలి. రామప్ప 200 కిలోమీటర్లు దాటుతుంది. ఒకే రోజులో వెళ్లి రావడం డ్రైవరుకు కూడా భారమే.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికన్నా మంచి కాలం. కార్తీకమాసంలోను, శని, ఆదివారాల్లోను యాదగిరిగుట్ట వైపు బండ్లు బారులు తీరుతాయి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సాయంత్రాలు నాంపల్లిలో నుమాయిష్ రద్దీ ఉంటుంది. 1938 నుంచి సాగుతున్న ఆ ఎగ్జిబిషన్ రోజుల్లో తిరిగొచ్చే వేళ గంట అటూ ఇటూ అవుతుందని ముందే లెక్కేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నడినెత్తికి ఎక్కకముందే మగ్గాల గల్లీలు చూసెయ్యాలి.

పల్లె మ్యూజియం కాదు. మగ్గం ఉన్నది మనుషుల ఇంట్లో. లోపలికి వెళ్లే ముందు అడగాలి, చెప్పులు గడప బయట విడవాలి, ఫొటోకు ముందు ఒప్పుకోలు తీసుకోవాలి. నేసే మనిషిని మాటల్లో పెడితే ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేక ఆగుతుందన్న సంగతి గుర్తుండాలి. గైడు ఫలానా దుకాణంలోనే కొనాలని పట్టుబడితే ఒప్పుకోనక్కర్లేదు. కొనేదేదైనా ఉంటే చేనేత సహకార సంఘంలోనో, నేసిన ఇంట్లోనో కొనండి. ధర తగ్గించమని అడిగే ముందు ఆ వీధిలోనే ఎవరింట్లోనైనా ఆసు పోస్తుంటే పది నిమిషాలు నిలబడి చూడండి.