మాగిన అరటిపండు, కుంగిన కేకు

"మా పాపకి గోధుమ పడదు. మైదా బదులు బాదం పిండి వేసి, నల్లబడిపోయిన చక్కెరకేళీలు మూడు, గుడ్లు రెండు కలిపి కేకు చేశాను. పంచదార రెండు చెంచాలే వేసినా తీపి సరిపోయింది. ఓవెన్‌లో చక్కగా పొంగింది గానీ బయటికి తీయగానే మధ్యలో గుంట పడింది. ఎందుకు?" అని కోనసీమ నుంచి ఒక తల్లి రాశారు. ఈ నెలకి తోకచుక్కల మీద సగం రాసిన వ్యాసాన్ని పక్కన పడేశాను.

తీపి కుదరడం ఒక సంగతి, కేకు కుంగడం ఇంకో సంగతి అని ఆవిడ అనుకున్నారు. రెండూ ఒకటే!

పచ్చి అరటికాయను అడ్డంగా కోసి టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి. చూస్తుండగానే సిరా ఒలికినట్టు నల్లటి నీలం పాకుతుంది. అది పిండిపదార్థం జాడ. బాగా మాగిన పండు మీద వేస్తే ఆ నీలం దాదాపుగా కనబడదు. (పరీక్ష చేసిన ముక్క పారేయండి, తినొద్దు.) పచ్చికాయ గుజ్జులో 20 శాతం దాకా ఉండే పిండిపదార్థం, మాగాక ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. గ్లూకోజు పూసలు వేలకొద్దీ గుచ్చిన దండ అది. అమైలేజ్ మొదలైన ఎంజైములు దండను తెంపుతాయి. ఆ పూసలతో పండు ముందు సుక్రోజు, అంటే మన పంచదారే, తయారుచేసుకుంటుంది. తర్వాత దాన్నీ గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. ఫ్రక్టోజు పంచదార కన్నా తియ్యన. ఈలోగా కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కూడా కరుగుతుంది, పండు మెత్తబడుతుంది.

ఇదంతా మొదలుపెట్టమని హుకుం జారీ చేసేది ఇథిలీన్. రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, అంతే. ఇంత చిన్న వాయువు పండుతో ఇంత పని చేయిస్తుందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. పైగా మాగే పండు ఇథిలీన్ వదులుతుంది, ఆ ఇథిలీన్ తగిలి ఇంకాస్త వదులుతుంది. గెలలో ఒక్క పండు రంగు తిరిగితే మిగతావి ఆగకపోవడం అందుకే.

మా ఊళ్లో అరటి గెలలను గదిలో పేర్చి, తలుపులు మూసి పొగ పెట్టేవారు. "వేడికి మాగుతాయిరా" అనేవాడు మా తాత. సరిగ్గా ఇదే పొరపాటు కాలిఫోర్నియా నిమ్మతోటల వాళ్లూ చేశారు. పచ్చ నిమ్మకాయలను కిరోసిన్ పొయ్యిలున్న గదుల్లో పెడితే పసుపు రంగు తిరిగేవి. ఆ ఘనతంతా వేడిదే అనుకుని, కొందరు పొగరాని కొత్తరకం ఏర్పాట్లతో గదులను వెచ్చబెట్టారు. గది వెచ్చగానే ఉంది, కాయలు మాత్రం పచ్చగానే ఉండిపోయాయి! పని చేస్తున్నది పొయ్యి పొగలోని ఇథిలీన్ అని 1924లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్త ఫ్రాంక్ డెన్నీ తేల్చాడు. పండు ఆ వాయువును తనంతట తానే తయారుచేసుకుంటుందని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. తాత పొగ సరైనదే, కారణమే తప్పు.

ఇక కేకు. మైదా కేకు ఓవెన్‌లో పొంగాక పడిపోకుండా నిలబెట్టేది ముఖ్యంగా పిండిపదార్థమే. వేడికి దాని రేణువులు నీళ్లు పీల్చి, ఉబ్బి, గంజి గట్టిపడ్డట్టు బిగుసుకుంటాయి. బాదం పిండి పేరుకే పిండి. అందులో సగం నూనె, అయిదో వంతు ప్రోటీను. పిండిపదార్థం నామమాత్రం. ఆ లోటు కాస్తయినా తీర్చగల పిండిపదార్థాన్ని అరటిపండు అప్పటికే చక్కెర చేసేసుకుంది. భారమంతా గుడ్ల మీద పడింది. చక్కెర ఎక్కువైతే గుడ్డు ప్రోటీను గట్టిపడటానికి మరింత వేడి కావాలి. సోడా గాలి మాత్రం దానికోసం ఆగదు. అంచులు బిగిశాయి, అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కే మధ్యభాగం ఇంకా జారుగానే ఉంది. ఓవెన్ తలుపు తీశారు, లోపలి ఆవిరి చల్లబడి ముడుచుకుంది, గుంట పడింది.

అమ్మా, నల్లటివి రెండు, పసుపుది ఒకటి వేయండి. ఇంకో గుడ్డు కలపండి. పాలగుండ రెండు చెంచాలు చేరిస్తే ఇంకా మంచిది. అది దుంప పిండి, ధాన్యం కాదు. సెగ తగ్గించి, ఇంకాసేపు ఉంచండి. పండ్లను ఫ్రిజ్‌లో పెట్టి నల్లబరచొద్దు. 13 డిగ్రీల లోపు చలికి దెబ్బతిని తొక్క నల్లబడుతుందే తప్ప, లోపలి కాయ మాగడం మానేస్తుంది. అయోడిన్ వేసి చూసుకోండి, తెలిసిపోతుంది.

ఇక మిఠాయి కొట్లలో ఇలాంటి కేకులకు "షుగర్ ఫ్రీ" చీటీ అంటించి రెట్టింపు ధర పెట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మూడు మాగిన పండ్ల గుజ్జులోనే 40 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. షుగరున్న పక్కింటి తాతగారికి పెట్టేటప్పుడు ఆ లెక్క చెప్పి, చిన్న ముక్క పెట్టండి.