గునపం మీద కొబ్బరికాయ, జిమ్‌లో డంబెల్

పి.గన్నవరం చుట్టుపక్కల కొబ్బరి ఒలిచేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? గునపం నేలలో నిలువుగా పాతి, కాయని మొన మీద గుచ్చి ఒక్క మెలిక తిప్పితే డొక్క ఊడొస్తుంది. రోజుకి వందల కాయలు. చేతులు చూస్తే సన్నగానే ఉంటాయి. మన హాస్టల్లో బైసెప్స్ చూపించుకు తిరిగేవాణ్ణి పిలిచి ఒలవమనండి, పది కాయలకే చెమటలు పడతాయి. మరి బలం కండలో లేదా?

ఉంది, కానీ కండలోనే లేదు. కండరంలో వేల పోగులుంటాయి. ఒక్కో మోటార్ న్యూరాన్ కొన్ని పోగుల్ని కలిపి నడుపుతుంది. ఆ జట్టే మోటార్ యూనిట్. తేలిక పనికి చిన్న యూనిట్లు చాలు. బరువు పెరిగేకొద్దీ పెద్దవి వరసగా దిగుతాయి. అలవాటు లేనివాడు ఎంత ముక్కినా పెద్ద యూనిట్లని పూర్తిగా పనిలోకి దింపలేడు. పైగా ఎదురు కండరం కూడా బిగుసుకుని అడ్డుపడుతుంది. బరువులు మొదలెట్టిన తొలివారాల్లో ముఖ్యంగా మారేది ఈ వైరింగే. అందుకే ఎత్తే కిలోలు పెరుగుతాయి, టేపుతో కొలిస్తే చెయ్యి మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

మన ఫస్టియర్ వాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నెలకి అద్దంలో ఏమీ కనబడదు, మానేస్తారు. కొందరు ఎవడో చెప్పిన ఇంజెక్షన్ వైపు చూస్తారు. స్టెరాయిడ్ కండ పెంచుతుంది, నిజమే. ఒంట్లో సొంత టెస్టోస్టెరాన్ తయారీని పడుకోబెడుతుంది, గుండెనీ దెబ్బతీస్తుంది. ఇరవై ఏళ్లకి ఆ బేరం ఎందుకు? అద్దాన్ని వదిలేసి, ఎత్తిన కిలోలు నోట్‌బుక్‌లో రాసుకోండి.

కండ పెరగడం తర్వాతి అంకం. బరువు లాగినప్పుడు పోగుల్లో పుట్టే సంకేతాలతో ఒకటి రెండు రోజులపాటు ప్రోటీన్ తయారీ పుంజుకుంటుంది. పోగుల సంఖ్య పెద్దగా మారదు, ఒక్కోటీ లావవుతుంది. దానికి గుడ్డో పప్పో, నిద్రా కావాలి; బరువూ మెల్లగా పెరుగుతుండాలి. ఒలుపు కార్మికుడికి కాయ ఇవాళా రేపూ ఒకటే. అందుకే కండ ఒకచోట ఆగిపోతుంది, పట్టూ ఒడుపూ పదునెక్కుతాయి. (దాన్ని వ్యాయామమని మురిసిపోకండి, అది కూలిపని.)

బలం వేరు, పవర్ వేరు. పవర్ అంటే ఫోర్స్ ఇంటూ వెలాసిటీ, ఇది మనకి కొత్త కాదు. కండరం వేగంగా కుదించుకుంటున్నప్పుడు ఎక్కువ ఫోర్స్ ఇవ్వలేదని 1938లో ఎ.వి.హిల్ సమీకరణం రాశాడు. అంటే కదలనంత బరువు దగ్గరా పవర్ సున్నానే, ఏ బరువూ లేని ఊపులోనూ సున్నానే. గరిష్ఠం మధ్యలో ఎక్కడో ఉంటుంది. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. స్నాచ్‌లో బరువు నేల నుంచి తలపైకి ఒక్క ఊపులో వెళ్లాలి. నెమ్మదిగా ఎత్తుతానంటే కుదరదు. మన పక్కనున్న అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టాడు. అక్కడ బరువు ఒక ఈక బంతి, మిగతాదంతా కాళ్లు, నడుము, భుజం, మణికట్టు వరసగా అందించే వేగం.

కాబట్టి కొత్తవాళ్లు మొదట కొన్ని నెలలు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లాంటివాటితో బలం కట్టుకోండి. ఆ తర్వాత ఓ మాదిరి బరువుని వీలైనంత వేగంగా ఎత్తడం, గెంతడం కలపండి. ఒక్కో సెట్‌లో మూడు నుంచి ఐదు చాలు. వేగం తగ్గిందనిపించగానే ఆపి, రెండు మూడు నిమిషాలు కూర్చోండి.