కుక్కపిల్ల బొడ్డు దగ్గర ఉబ్బు

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో గొర్రెల మందల వెంటా, ఇళ్ల ముంగిళ్లలోనూ కుక్కపిల్లలు ఎక్కువగా కనబడేది చలికాలంలో. వానలు వెనకబట్టే రోజుల్లో కుక్కలు జతకడతాయి. గర్భం దాదాపు 63 రోజులు. అవి ఈనే వేళకే చాలా ఇళ్లవాళ్లు సుగ్గికని, అంటే కోతల పనికని, గుంటూరు మిరప చేలకు తరలిపోతారు, మళ్లీ వచ్చేసరికి ఉగాది. బొడ్డు హెర్నియా ఉన్న పిల్లను కనిపెట్టి చూడాల్సిన నెలలూ అవే. అందుకే ఈ వ్యాసం ముఖ్యంగా ఊళ్లో మిగిలే అవ్వాతాతల కోసం.

తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ పిల్లకు తిండీ ప్రాణవాయువూ బొడ్డుతాడు గుండానే అందుతాయి. తాడులోని రక్తనాళాలు లోపలికి వెళ్లడానికి పొట్ట గోడలో ఒక రంధ్రం ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. మూసుకోకపోతే బొడ్డు దగ్గర చర్మం కింద మెత్తగా ఉబ్బుతుంది, దీన్నే బొడ్డు హెర్నియా అంటారు. అందులో చాలాసార్లు ఉండేది కొవ్వే. బొడ్డు నుంచి కాలేయం దాకా పొట్ట లోపలి గోడకు ఒక కొవ్వు పొర వేలాడుతుంటుంది, అదే బయటికి తోసుకొస్తుంది. తల్లి తాడును గట్టిగా కొరికి లాగినందుకే ఇలా అయిందని అంటుంటారు గానీ, ఎక్కువగా ఇది పుట్టుకతో, వంశంలో వచ్చే లోపం. తల్లిని తప్పుపట్టనక్కర్లేదు.

పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి ఉబ్బును వేలితో మెల్లగా నొక్కి చూడండి. లోపలికి జారిపోయి, రంధ్రం అంచు వేలికొనకు తగిలితే అది హెర్నియా. వేడిగా, నొప్పిగా ఉండి లోపలికి పోకపోతే చీముగడ్డ కావచ్చు, పేగు ఇరుక్కొని కూడా ఉండవచ్చు. రెండింటినీ డాక్టరు చూడాల్సిందే.

ఉబ్బు ఎంత పెద్దదా అని అందరూ చూస్తారు. అసలు చూడవలసింది రంధ్రాన్ని. మరీ చిన్న రంధ్రంలో పేగు దూరదు. బాగా పెద్దదైతే పేగు వచ్చినా సులువుగా వెనక్కి పోతుంది. వేలికొన పట్టేంత రంధ్రంతోనే ఎక్కువ భయం. పేగు మెలిక దూరి బిగుసుకుంటే దానికి రక్తం అందదు, కొద్ది గంటల్లోనే ఆ భాగం చచ్చిపోవచ్చు. నిన్నటిదాకా మెత్తగా ఉన్న ఉబ్బు గట్టిపడి, ఎర్రగానో నల్లగానో మారి, ముట్టుకుంటే పిల్ల అరుస్తూ, వాంతులు చేసుకుంటూ, పాలు మానేస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. అప్పుడు బలవంతంగా లోపలికి నొక్కకూడదు కూడా. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. సాయానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అలాంటి లక్షణాలేవీ లేకపోతే తొందర అక్కర్లేదు. చిన్న రంధ్రాలు మూడు నుంచి ఆరు నెలల లోపు చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. వేచి చూడడం నిర్లక్ష్యం కాదు, రోజూ ఒకసారి వేలితో తడిమి చూస్తుంటే చాలు. నెలనెలా రంధ్రం చిన్నదవుతోందా, అలాగే ఉందా అన్నది గుర్తుపెట్టుకోవాలి.

బొడ్డు మీద రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ బిగించే అలవాటు ఒకటుంది. పసిపిల్లలకు కట్టినట్టే కుక్కపిల్లలకూ కడతారు. పసిపిల్లల్లో కూడా ఈ రంధ్రం చాలామందికి నాలుగైదేళ్లకల్లా తానే మూసుకుంటుంది, ఆ పేరు బిళ్ళకు వచ్చింది. కట్టు కింద కుక్కపిల్ల చర్మం ఒరుసుకుని పుండవుతుంది. పైగా గట్టిపడుతున్న ఉబ్బు కంటికి కనబడకుండా పోతుంది. దయచేసి కట్టకండి.

ఆరు నెలలకూ మూసుకోకపోతే, లేదా అంతకుముందే రంధ్రంలోంచి పేగు వస్తూ పోతూ ఉంటే ఆపరేషన్ మేలు. మత్తిచ్చి, బయటికొచ్చిన కొవ్వును లోపలికి నెట్టి లేదా కోసి తీసి, పొట్ట గోడ అంచులను కలిపి కుడతారు. పదీ పద్నాలుగు రోజుల్లో పైకుట్లు తీస్తారు. అందాకా పిల్ల కుట్లు నాకకుండా మెడ చుట్టూ గరాటులాంటి పట్టీ వేయాలి, గంతులు వేయనివ్వకూడదు. ఆడపిల్లయితే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు కోసేది బొడ్డు దిగువనే కాబట్టి ఒకే మత్తులో రెండూ అయిపోతాయి. మగదైనా అదే రోజు చేయించవచ్చు. ఈ లోపం తరువాతి ఈతలకు దిగే అవకాశం ఉంది గనుక, మందకు కావలసిన కుక్కల కోసం ఇలాంటి దాన్ని ఈతకు పెట్టుకోకూడదు.